ఏటా విరగకాసిన మామిడి చెట్టు

(బెంగళూరులో తెలుగువారు నెలకోసారి కలుసుకునే ఆదివారం సమావేశంలో ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? చేయి ఊపుతున్నారు, సంతోషం.

నన్ను పరిచయం చేసిన పెద్దలు శాస్త్రవేత్త అన్నారు. కాదండీ. నేను ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ని. పగలు బ్యాంకు లెక్కలకు రాస్తాను, రాత్రి చెట్లకు రాస్తాను. రెండింటికీ పెద్ద తేడా లేదని కాసేపట్లో మీరే అంటారు. మా నాన్నకు నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది. ఎక్కువ బంగినపల్లి, గట్టు వెంట చిన్నరసాలు, పడమటి మూల నాలుగు కలెక్టరు చెట్లు. ఈ కలెక్టరు కాయనే చిత్తూరు వైపు బెంగళూరు కాయ అంటారు. మరి బెంగళూరులో ఏమంటారు? తోతాపురి అంటారు. కన్నడంలో గిణిమూతి, అంటే చిలక ముక్కు. ఊరి పేరు కాయకు పెట్టారు, ఆ ఊళ్లోవాళ్లు మాత్రం ఆ పేరుతో పిలవరు. ఈ కలెక్టరు కాయను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కొన్నేళ్ల కిందట సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ తీసి అరుగు మీద పెట్టి, నాన్నా ఇటు చూడు, నేనొక మామిడి చెట్టు పెంచాను అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూశారు. మొక్క మొలిచింది, కొమ్మలు వేసింది, ఆకులు వేసింది, పూసింది, కాసింది. రెండో ఏడు కాసింది. మూడో ఏడు కాసింది. పదో ఏడు కూడా విరగకాసింది. నేను గర్వంగా ఆయన ముఖం చూస్తున్నాను. ఆయన కళ్లజోడు తీసి, "ఒరేయ్, కాపు చూస్తే కలెక్టరులా ఉంది, ఆకారం చూస్తే ఏ చెట్టూ కాదు. బంగినపల్లి ఏటా ఇలా కాస్తే మేమంతా మేడలు కట్టేవాళ్లం కదరా" అన్నారు.

అంతే. ఆ ఒక్క మాట నాకు ఆరేళ్ల పని పెట్టింది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ మాట చుట్టూ తిరిగేదే.

ముందు అసలు కంప్యూటర్‌కు చెట్టును చెప్పడం ఎలా? మీలో తెలుగు వ్యాకరణం చదువుకున్నవారు చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. గసడదవాదేశ సంధి గుర్తుందా? కూర, కాయ కలిస్తే కూరగాయ. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. క ఉన్నచోట గ వచ్చింది, త ఉన్నచోట ద వచ్చింది. మా తెలుగు మాస్టారు అనేవారు, ఆగమం మిత్రుడి లాంటిది, వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆదేశం శత్రువు లాంటిది, ఉన్నవాణ్ని లేపేసి ఆ పీట మీద తాను కూర్చుంటుంది. చెట్టుకు కావలసింది ఈ ఆదేశమే.

ఎలా అంటే, మొదట ఒక మొగ్గ ఉందనుకోండి. మొగ్గ ఉన్నచోట ఏమి రావాలి? ఒక చిన్న కాడ ముక్క, దానికో ఆకు, ఆకు మొదట్లో ఒక పక్క మొగ్గ, చివర మళ్లీ ఒక మొగ్గ. ఇదే సూత్రం, ఇంకేమీ లేదు. ఇప్పుడు ఆ రెండు మొగ్గలకూ మళ్లీ అదే సూత్రం. మళ్లీ. మళ్లీ. అయితే వ్యాకరణంలో సంధి ఒకచోట చేశాక ఇంకోచోట చూస్తాం. చెట్టు అలా ఒక్కో కొమ్మ వంతు వచ్చేదాకా ఆగదు కదా? మొగ్గలన్నీ ఒకేసారి పనిచేస్తాయి. అన్ని చోట్లా ఒకే దెబ్బకు ఆదేశం జరగాలి. ఈ ఆలోచనను 1968లో కాగితం మీద పెట్టినవారు అరిస్టిడ్ లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రవేత్త. హంగరీలో పుట్టి, తరవాతి కాలంలో నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆయన పేరు మీదే వీటిని ఎల్-సిస్టమ్స్ అంటారు. ఆయన మనసులో ఉన్నవి చెట్లు కావు, దారంలా పెరిగే నాచు లాంటివి.

ఆ నాచు ఉదాహరణ ఒక్క నిమిషం చెబుతాను, ఇక్కడ ఛందస్సు తెలిసినవారు ఉన్నారు కాబట్టి. పెద్ద కణం చీలి ఒక పెద్ద, ఒక చిన్న అవుతుంది. చిన్న కణం పెరిగి పెద్దది అవుతుంది. సూత్రాలు ఈ రెండే. ఒక పెద్ద కణంతో మొదలుపెట్టి లెక్కపెట్టండి. ఒకటి, తరవాత రెండు, తరవాత మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు. ఎక్కడో విన్నట్టు లేదూ? ఫిబొనాచీ అంటున్నారు ముందు వరసలో. అవును. కానీ అంతకన్నా ముందు మన ఛందస్సువాళ్లవి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను ఎన్ని రకాలుగా నింపవచ్చు? అయిదు. అయిదు మాత్రలను? ఎనిమిది. విరహాంకుడు, ఆయన తరవాత 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఈ లెక్క చెప్పారు. ఫిబొనాచీ పుస్తకం 1202లో వచ్చింది. పద్యానికీ నాచుకూ లెక్క ఒకటే ఎందుకయింది? పసిది ఒక విడత ఆగితే గాని పెద్దది కాదు, అందుకని. ఆగడం. ఈ ఆగడం అన్నమాట కూడా గుర్తుపెట్టుకోండి. నేను చాలా గుర్తుపెట్టుకోమంటున్నాను, ఏమనుకోకండి.

సరే, చెట్టుకు వద్దాం. నా మొదటి సూత్రంతో ప్రతి విడతకూ మొగ్గలు రెట్టింపు అవుతాయి. పది విడతలకు 1024. ఇరవై విడతలకు పది లక్షలు దాటాయి. నా ల్యాప్‌టాప్ పంకా విమానంలా మోగి ఆగిపోయింది. అసలు చెట్టు అలా ఎందుకు చెయ్యదు? పక్క మొగ్గల్లో చాలావాటికి నిద్ర. చివరి మొగ్గ పెత్తనం చేస్తున్నంతకాలం అవి లేవవు. కొమ్మ చివర తుంచి చూడండి, నాలుగు వైపులా లేస్తాయి. గులాబీ కుండీలు పెట్టుకునే ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతి ఇది. అందుకని సూత్రంలో అవకాశాలు పెట్టాలి. ఈ మొగ్గ లేవడానికి నూటికి ఇంత, పడుకోవడానికి ఇంత, చచ్చిపోవడానికి ఇంత అని. 1970ల్లో ఫిలిప్ ద రెఫీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఐవరీ కోస్ట్‌లో కాఫీ మొక్కల ముందు కూర్చుని చేసింది ఇదే. మొగ్గ మొగ్గకూ పాచికలు. మనం ఇక్కడ పూటకు రెండు కప్పులు తాగుతాం, ఆ మొక్క కొమ్మ ఎలా వేస్తుందో ఎప్పుడైనా అడిగామా?

మొగ్గకూ, కాడకూ, ఆకుకూ ఒక్కో చిహ్నం పెట్టి వరసగా రాస్తే వచ్చే ఈ చిహ్నాల మాలను బొమ్మగా ఎలా మారుస్తారని ఒకరు ఇందాక బయట అడిగారు. తాబేలు గుర్తుంది కదా, పిల్లలకు కంప్యూటర్ పాఠాల్లో ముందుకు నడువు, కుడికి తిరుగు అని నేర్పుతారు, ఆ తాబేలు. కాడ అంటే ముందుకు నడుస్తుంది. బ్రాకెట్ తెరిస్తే, ఇక్కడ నేను నిలబడ్డాను అని గుర్తు పెట్టుకుని కొమ్మలోకి వెళుతుంది. బ్రాకెట్ మూస్తే మళ్లీ గుర్తు దగ్గరకు వచ్చేస్తుంది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో ప్రుసిన్‌కీవిచ్, ఆయన బృందం దీన్ని ఎంత దూరం తీసుకెళ్లారంటే, బొమ్మ చూసి ఫొటో అనుకుంటారు.

అయితే బొమ్మ వేరు, చెట్టు వేరు. నా చెట్టు ఏ చెట్టూ కాదని నాన్న ఊరికే అనలేదు. 1970లో హాలే, ఓల్డెమాన్ అనే ఇద్దరు ఉష్ణమండలం చెట్లను చూసి, కొమ్మలు వేసే తీరును బట్టి పద్ధతులుగా విడదీశారు. తరవాత అవి 23 అని తేలాయి. ఎన్ని వేల జాతుల చెట్లకు? 23. ఒక్కో పద్ధతికి ఒక్కో వృక్షశాస్త్రవేత్త పేరు పెట్టారు. కొబ్బరి, బొప్పాయి కార్నర్ పద్ధతి. ఒకటే కాండం, కొమ్మ లేదు, పూత పక్కనుంచి. మామిడి స్కారోన్ పద్ధతి. మామిడిలో పూత కొమ్మ చివరన వస్తుంది. ఇది చాలా ముఖ్యం, మళ్లీ చెబుతాను. మామిడి పూత కొమ్మ చివరన వస్తుంది. చివర పూసిందంటే ఆ కొమ్మకు ముందుకు దారి మూసుకుపోయింది. మళ్లీ పెరగాలంటే పక్క మొగ్గలు లేవాలి. నేనేం చేశాను? పూతను ఆకుల పక్కన పెట్టాను, కొబ్బరిలో లాగ. కొమ్మ దాని మానాన అది పెరుగుతూ పోయింది. మామిడి తోటలో పుట్టి పెరిగినవాణ్ని, చెట్టు ఎక్కి దిగినవాణ్ని, పూత ఎక్కడ వస్తుందో ఎప్పుడూ చూడలేదు!

ఆ తప్పు దిద్దాను. ఆకారం మామిడిలా వచ్చింది, గుండ్రంగా, గొడుగులా. కాపు మాత్రం ఏటా విరగకాస్తూనే ఉంది.

రెండో సంగతి లెక్కలు. ఇక్కడ నా పగటి ఉద్యోగం పనికొచ్చింది. చెట్టంటే ఉమ్మడి కుటుంబం. సంపాదించేవి ఆకులు. ఖర్చుపెట్టేవి కాయలు, వేళ్లు, కొత్త చిగురు, లావెక్కే కాండం. నా ప్రోగ్రాంలో కాయకు ఖర్చు లేదు. ఉచితం! ఉచితంగా వస్తే ఎవరు మాత్రం కాయరు? కాబట్టి ఆకు ఆకుకూ ఎంత ఎండ పడుతుందో లెక్క వెయ్యాలి. జపాన్‌లో మోన్సి, సాయెకి 1953లో ఈ లెక్క చూపించారు. నేల ఎంత ఉందో అంత విస్తీర్ణం ఆకును ఒక పొర అనుకోండి. వెలుగు దిగే తీరుకు మామూలుగా వాడే ఒక విలువ తీసుకుంటే, ఒక పొర దాటేసరికి నూటికి 61 పాళ్లు మిగులుతుంది. రెండు పొరలకు 37. మూడింటికి 22. అంటే దట్టంగా ఉన్న చెట్టు మధ్యలో చీకటి. లోపలి ఆకులు తినేది ఎక్కువ, తెచ్చేది తక్కువ. మా నాన్న మధ్య కొమ్మలు కొట్టించి చెట్టుకు కిటికీ తెరవాలి అంటారు. ఆయన మోన్సిని చదవలేదు, అయినా లెక్క కుదిరింది.

కాండం ఖర్చుకు జపాన్‌వాళ్లదే ఇంకో మాట ఉంది, 1964 నాటిది, షినోజాకి బృందానిది. చెట్టంటే గొట్టాల కట్ట. ప్రతి ఆకు గుత్తికీ కింద వేరు దాకా ఒక గొట్టం. ఆకులు పెరిగితే గొట్టాలు పెరగాలి, మాను లావెక్కాలి. కొమ్మల అడ్డుకోతలన్నీ కలిపితే మాను అడ్డుకోతకు సరిపోతుందని లియొనార్డో డావిన్సీ తన నోటుపుస్తకంలో ఎప్పుడో రాసుకున్నారు. దీని మీద ఎక్కువసేపు ఆగను, లావు లెక్క ఇలా తేలుతుందని తెలిస్తే చాలు.

ఆగవలసింది పంపకం దగ్గర. సంపాదన వచ్చింది, ఎవరికి ఎంత? కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయంలో టెడ్ డిజాంగ్ బృందం, కాల్గరీవాళ్లు కలిసి 2005లో ఎల్-పీచ్ అని ఒక చెట్టు తెచ్చారు. పీచ్ పండు చెట్టు. దానిలో పిండిపదార్థం ప్రవాహాన్ని కరెంటు లాగ లెక్కవేశారు. ఆకులు బ్యాటరీలు, కాయలు దీపాలు, కొమ్మలు తీగలు, తీగ పొడవును బట్టి అడ్డంకి. దగ్గరి ఆకు దగ్గరి కాయకు ఎక్కువ ఇస్తుంది. ఎంత చక్కగా ఉంది! ఇందులో రైతుకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. కాయకు పిందె దశలో ఇంత పెరగగలను అనే శక్తి ఉంటుంది. ఆ తొలి వారాల్లో అందకపోతే తరవాత ఎంత పెట్టినా ఆ లోటు పూడదు. కాబట్టి పిందెలు పలచన చెయ్యాలంటే తొందరగా చెయ్యాలి. ఆలస్యంగా చేస్తే కాయలు పోతాయి, మిగిలినవి మాత్రం పెద్దవి కావు. పసిపిల్లల తిండి గురించి మన అమ్మమ్మలు అచ్చంగా ఇదే అంటారు.

తరవాత బాదం చెట్టుకూ ఇదే పద్ధతి తెచ్చారు. పీచ్, బాదం దాయాదులు. ఒకదానిలో కండ తిని గింజ పారేస్తాం, ఇంకోదానిలో కండ పారేసి గింజ తింటాం. మన దగ్గర మామిడికి ఇలాంటి దాయాది ఎవరు? జీడిమామిడి! పలాస జీడిపప్పు తినేటప్పుడు ఇది మామిడి చుట్టమని మనకు తోచదు గాని, పేరు పెట్టినవాళ్లకు తోచింది. పేరులోనే మామిడి ఉంది. వృక్షశాస్త్రం కూడా ఆ రెంటినీ ఒకే కుటుంబంలో పెట్టింది.

ఆపిల్ గురించి ఒక్క మాట. ఫ్రాన్స్‌లో మోంపెల్లియేలో ఎవలీన్ కోస్త్ బృందం 2008లో ఆపిల్ చెట్టు ఒకటి చేశారు, ఎం-ఆపిల్-టి అని పేరు. వాళ్లు రెండు పనులు కలిపారు. నిజం చెట్ల కొమ్మల మీద మొగ్గల వరసలు కొలిచి అవకాశాలు తీశారు, దానికి బరువు జోడించారు. కాయ బరువుకు కొమ్మ వంగుతుంది. వంగి ఉన్నప్పుడే కొత్త కలప పొర పెరుగుతుంది. కాయ కోసేశాక కొమ్మ పూర్తిగా లేవదు. నిరుటి కాపు బరువు చెట్టు ఒంటి మీద ఉండిపోతుంది. బరువులు మోసిన మనిషి నడుము లాగ.

లెక్కలు పెట్టాక నా చెట్టు సంగతి చెబుతాను. కాయలు తగ్గాయి, చిన్నవయ్యాయి. కానీ ఏటా కాసింది. ఒకే మాదిరిగా, ఏటా. మళ్లీ నాన్న ముందు పెట్టాను. "ఇప్పుడు కరువులో ఉన్న కలెక్టరు" అన్నారు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. మీకూ వచ్చేది. అయితే నువ్వే చెప్పు, బంగినపల్లి ఒక ఏడు కాసి ఒక ఏడు ఎందుకు మానుతుంది అన్నాను. ఆయన తోటలోకి తీసుకెళ్లి ఒక కొమ్మ వంచి చూపించారు. "ఇది నిరుడు కాసిన కొమ్మ. మే నెల దాకా మోసింది. కాయ కోశాక పడుకుంది. చిగురు ఎప్పుడు వేసింది? అక్టోబరులో. ఆకు ఇంకా లేతగా ఉంది చూడు. ఈ పిల్లకు ఈ చలికి పెళ్లేమిటి?" అన్నారు. అంతే. మామిడికి చలి రాత్రులు వచ్చి తట్టినప్పుడు కొమ్మ ముదిరి ఉండాలి. ముదరని కొమ్మను చలి వచ్చి తట్టినా పూయదు. కాసిన కొమ్మ ఆలస్యంగా చిగురిస్తుంది, ఆలస్యంగా చిగురించింది చలికి ముదరదు, ముదరనిది పూయదు, పూయనిది ఖాళీగా ఉంటుంది కాబట్టి తొందరగా చిగురిస్తుంది, అది పైయేటికి ముదురుతుంది, పూస్తుంది, కాస్తుంది. చూశారా చక్రం? గింజల్లో తయారయ్యే జిబ్బరెల్లిన్లు అనే హార్మోన్లు పూతను ఆపుతాయని, కొమ్మలో పిండి నిల్వ తరిగిపోతుందని శాస్త్రవేత్తలు ఇంకా కారణాలు చెబుతారు, అవీ ఉన్నాయి. నా ప్రోగ్రాంలో లేనిది మాత్రం కొమ్మకు వయసు. ఆగడం అన్నాను కదా ఇందాక, నాచులో పసికణం ఒక విడత ఆగుతుందని? నా మామిడి కొమ్మ ఆగడం లేదు. పుట్టగానే పూస్తోంది.

ప్రతి కొమ్మకూ పుట్టిన నెల రాసిపెట్టాను. నిరుడు కాసిందా లేదా అని ఇంకో గుర్తు. మొత్తం రెండు గుర్తులు. ప్రోగ్రాం నడిపాను. మొదటి ఏడు పూర్తి కాపు. రెండో ఏడు ఖాళీ. మూడో ఏడు కాపు. నాలుగు ఖాళీ. ఒక ఏడు కాయి, ఒక ఏడు మానెయ్యి అని నేను ఎక్కడా రాయలేదు! అర్ధరాత్రి రెండింటికి ఇంట్లో అందరినీ లేపాను. మా ఆవిడ నిద్రకళ్లతో, చెట్టు కాయలేదని ఇంత సంతోషించేవాణ్ని నిన్నే చూశాను అంది.

అసలు ఈ రకం పనికి కొబ్బరి ఇంకా గట్టి గురువు. కొబ్బరి చెట్టు సుమారు నెలకో ఆకు వేస్తుంది. ఆకుకో పూగుత్తి. ఆ పూగుత్తి లోపల నలుసుగా మొదలైనప్పటినుంచి కాయ ముదిరేదాకా ఎంతకాలం? ఎవరైనా చెప్పండి. ఏడాదా? కాదు. సుమారు 44 నెలలు. అందులో 32 నెలలు బయటికి కనబడకుండా మొవ్వులోనే గడుస్తుంది. కోనసీమలో ఈ ఏడు గెలకు కాయలు తగ్గాయంటే, ఈ ఏటి వానను తిడితే లాభం లేదు, మూడేళ్ల కిందటి ఎండాకాలాన్ని అడగాలి. ఈ లెక్క మనిషి బుర్రలో నిలవదు. నెలకో పూగుత్తి, ఒక్కోటి ఒక్కో వయసులో, దాదాపు నలభై నాలుగు గుత్తులు ఒకేసారి నడుస్తుంటాయి. కంప్యూటర్‌కు ఇది మాత్రం సులువు, నెలవారీ వాయిదాలలాంటిదే.

కొబ్బరి దగ్గర ఉండగానే ఒక ముచ్చట. ఆకులు మెలికగా ఎక్కుతాయి కదా, సగం చెట్లలో ఎడమకు, సగం చెట్లలో కుడికి. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో టి.ఎ. డేవిస్ అనే ఆయన ఏళ్ల తరబడి చెట్లు లెక్కపెట్టి, తల్లి చెట్టు మెలికకూ పిల్ల చెట్టు మెలికకూ సంబంధం లేదని చూపారు. ప్రోగ్రాంలో దీనికి ఒకే వాక్యం. మొలిచినప్పుడు నాణెం ఎగరెయ్యి.

చలిదేశపు చెట్లకు ఇంకో లెక్క ఉంది, చలి గంటలు. ఆపిల్, పీచ్, బాదం ఇవన్నీ శీతకాలంలో ఇన్ని గంటల చలి తింటే గాని లేవవు. పీచ్ కోసం 1974లో అమెరికాలోని యూటాలో ఒక లెక్క కట్టారు, ఇప్పటికీ వాడుతున్నారు. అది మన తోటల సంగతి కాదు కాబట్టి వదిలేస్తాను.

ఇక అంటు మొక్క. ఇది చెప్పకుండా దిగితే మా నాన్న ఒప్పుకోరు. టెంక మొక్క పూయాలంటే ఏళ్లు పడుతుంది. అంటు కట్టింది నాటిన ఏడాదికే పూస్తుంది, ఎందుకంటే కొమ్మ పెద్ద చెట్టుది, దానికి అప్పటికే వయసు వచ్చేసింది. మరి రైతు ఏం చేస్తాడు? మొదటి మూడు నాలుగేళ్లు పూత తుంచేస్తాడు. చిన్నప్పుడు నాకిది ఘోరం అనిపించేది. ప్రోగ్రాంలో రెండు మొక్కలు పెట్టి చూశాను, ఒకదానికి పూత తుంచాను, ఒకదానికి వదిలేశాను. వదిలేసింది గిడసబారింది. పూత కొమ్మ చివరన వస్తుందని చెప్పాను కదా, పూసిన ప్రతి కొమ్మా దారి మూసుకుంది, ఉన్న కొద్ది ఆకుల సంపాదనా కాయ తినేసింది. ఆకులు పెరగలేదు, కాబట్టి సంపాదన పెరగలేదు. తుంచినది నాలుగో ఏటికి దాన్ని దాటి రెట్టింపయింది. రెట్టింపన్నది నా ప్రోగ్రాంలో మాట సుమండీ, మీ పెరట్లో కొలబద్ద పెట్టి నన్ను అడగకండి.

ఇప్పుడు అందరూ అడిగేది. ఇంతా చేశావు, వచ్చే ఏడు ఎన్ని టన్నులు కాస్తుందో చెబుతుందా? చెప్పదు. పూత మీద మంచు పడితే, తేనెమంచు పురుగు తగిలితే, ఏప్రిల్‌లో గాలిదుమారం లేస్తే, వీటిలో ఒక్కటీ నా సూత్రాల్లో లేదు. మరి దేనికి పనికొస్తుంది? నిజం తోటలో చెయ్యలేని పని చెయ్యడానికి. ఒకే చెట్టును రెండుసార్లు పెంచవచ్చు. ఒకసారి ఈ కొమ్మ కొట్టి, ఒకసారి కొట్టకుండా. హెక్టారుకు వంద చెట్లు పెడితే ఏమవుతుంది, ఆమ్రపాలి లాంటి పొట్టి రకాన్ని రెండున్నర మీటర్ల దూరంలో 1600 పెడితే ఏ వయసులో కొమ్మలు ఒకదాన్నొకటి చీకటి చేస్తాయి, ఎప్పుడు కత్తిరించాలి. తోటలో తెలుసుకోవాలంటే పదేళ్లు. ఇక్కడ ఒక రాత్రి.

ఇంకో సంగతి, దీన్ని నేను నా రంగంవాళ్లకు చెబితే నచ్చదు. కలెక్టరును గుర్తుపెట్టుకోమన్నాను కదా. కలెక్టరు ఏటా నమ్మకంగా కాసే రకం. నా బంగినపల్లి ప్రోగ్రాంలో ఒకే ఒక్క సంఖ్య మార్చాను. కాయ కోశాక పక్క మొగ్గ ఎన్ని రోజులకు లేస్తుంది అన్న సంఖ్య. తగ్గించాను. చెట్టు ఏటా కాసింది, అచ్చం కలెక్టరులా. ఇంకేముంది, రహస్యం తెలిసిపోయిందని ఎగిరాను. తరవాత ఆ సంఖ్యను యథాస్థానంలో పెట్టి, కాయకు పట్టే ఖర్చు తగ్గించి చూశాను. అప్పుడూ ఏటా కాసింది! రెండు వేరు వేరు కారణాలు, ఒకటే కాపు. మరి అసలు కలెక్టరు చెట్టు లోపల జరిగేది ఏది? తెర మీద చెట్టు తోటలో చెట్టులా ఉందంటే, దాని లోపలి సూత్రం కూడా అదేనని ఎవరు హామీ? ఎవరూ ఇవ్వరు. కొమ్మలకు దారాలు కట్టి కొలవాలి. నేనూ మా మేనల్లుడూ ఒక వేసవి అంతా కట్టాం. పోయినేడు కాసిన కొమ్మకు ఎర్ర దారం, కాయనిదానికి పచ్చ దారం. కొలతలకన్నా ఎర్రచీమల కాట్లు ఎక్కువ మిగిలాయి.

చివరగా నాన్న ముందు మూడోసారి పరీక్ష. నా చెట్టు ఇప్పుడు ఒక ఏడు కాసి ఒక ఏడు మానుతోంది. ఈసారి ఆయన చాలాసేపు చూశారు. తరవాత "బాగుంది గాని, చెట్టంతా ఒకేసారి మానుతుందేమిటిరా?" అన్నారు. రా చూపిస్తానని బావి దగ్గరి చెట్టు దగ్గరకు తీసుకెళ్లారు. తూర్పు సగం పూత, పడమటి సగం ఎర్రటి చిగురు. ఒకే చెట్టు, ఒకే నీళ్లు, ఒకే చలి. సగం పెళ్లిలో ఉంది, సగం బడికి వెళుతోంది.

ఇది మామిడి ప్రత్యేకత. మారిషస్ తెలుగువారి పొరుగు దీవి రియూనియన్ ఉంది కదా, అక్కడి ఫ్రెంచి శాస్త్రవేత్తలు వి-మ్యాంగో అనే చెట్టును కట్టింది దీన్ని పట్టుకోవడానికే. కాగ్‌షాల్ అనే రకం మీద కొమ్మ కొమ్మా కొలిచారు. కొమ్మ ఎప్పుడు మొలిచింది, చివర మొలిచిందా పక్కన మొలిచిందా, దాని తల్లికొమ్మ కిందటేడు కాసిందా. వీటిని బట్టి ఆ కొమ్మ రాత మారుతుందని చూపించారు. వాళ్ల దారినే నేనూ ప్రతి కొమ్మకూ తల్లి గుర్తు చేర్చాను. చెట్టు కొంత చీలింది, అక్కడో గుత్తి పూత, ఇక్కడో గుత్తి చిగురు. కానీ తూర్పు సగం, పడమర సగం అని కత్తితో కోసినట్టు మాత్రం రావడం లేదు. ఎండ వైపా? గాలి వైపా? ఎన్నో ఏళ్ల కిందట ఒక పెద్ద కొమ్మ విరిగి, అక్కడినుంచి లెక్క తప్పిందా? బావి దగ్గరి చెట్టుకు పడమటి వైపు ఒక పాత గంటు ఉంది. నాన్నను అడిగితే, "నేను పుట్టకముందు పిడుగు పడిందని మా నాయనమ్మ చెప్పేది" అన్నారు.

అందుకని మీకో పని. మీలో చాలామందికి ఊళ్లో తోటలున్నాయి, లేకపోతే ఇక్కడే ఇంటి ముందు ఒక మామిడి చెట్టుంది. ఈ జనవరిలో పూత వచ్చినప్పుడు ఏ వైపు ముందు వచ్చింది, ఏ వైపు చిగురు వచ్చింది, చెట్టుకు ఎప్పుడైనా పెద్ద కొమ్మ విరిగిందా, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి వచ్చే సమావేశానికి తీసుకురండి. బొమ్మ గీస్తే ఇంకా మంచిది, వంకరగా ఉన్నా ఫరవాలేదు. రకం పేరు మరిచిపోకుండా రాయండి. తోతాపురి అయితే కలెక్టరు అని రాయండి, నాన్నకు చూపించాలి.

టీ చల్లారిపోతోందని ద్వారం దగ్గరనుంచి సైగ చేస్తున్నారు. ప్రశ్నలు అక్కడే మాట్లాడుకుందాం.